ఆస్పత్రిలో మన పెద్దవాళ్ళ తిండి: పథ్యం, ట్రే, ట్యూబు

రోగం సగం మందుతోను, సగం పథ్యంతోను కుదురుతుందని మన ఇళ్ళలో పెద్దవాళ్ళ మాట. జ్వరం తగ్గాక ఏ రోజు చారన్నం పెట్టాలి, ఏ రోజు కూర వెయ్యాలి, బీరకాయ ఎప్పుడు, వంకాయ ఎప్పుడు అన్నది అమ్మకో అమ్మమ్మకో నోటికి వచ్చిన లెక్క. అటువంటి అమ్మే అమెరికాలో ఉన్న మనల్ని చూడ్డానికి వచ్చి, హఠాత్తుగా జబ్బుపడి ఆస్పత్రిలో చేరితే, ఆవిడ ముందుకు వచ్చేది మూత వేసిన ఒక ట్రే. అందులో ఏముందో ఆవిడకు తెలియదు. ఆవిడ ఏం తింటుందో తెచ్చినవాళ్ళకు తెలియదు. సాయంత్రం మనం ఉద్యోగం నుంచి పరుగెత్తుకొచ్చి "ఏమన్నా తిన్నావా అమ్మా?" అని అడిగితే, మనం బాధపడతామని "తిన్నానులే నాయనా" అంటుంది. ట్రే మాత్రం వచ్చింది వచ్చినట్టే వెనక్కి వెళ్ళి ఉంటుంది.

మన సంఘంలో ఆస్పత్రి ఉద్యోగాలు చేసేవాళ్ళం కొందరం ఉన్నాం. సభ్యులు తరచు మాకు ఫోను చేసి అడిగే ప్రశ్నలు మందుల గురించి తక్కువ, తిండి గురించి ఎక్కువ. "ఇంటినుంచి మజ్జిగన్నం పట్టుకెళ్ళవచ్చునా?" అన్న దగ్గర మొదలై, "ముక్కులో ట్యూబు వేస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?" అన్నదాకా వస్తాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అందరికీ పనికివచ్చేవి ఒకచోట రాద్దామని ఈ ప్రయత్నం. ఎవరి రోగి సంగతి వారి డాక్టరే నిర్ణయించాలన్నది వేరే చెప్పనక్కరలేదు. ఆ డాక్టరును ఏమడగాలో తెలిసి ఉండడానికే ఈ వ్యాసం.

తిండి కూడా నర్సు పనే

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ప్రచురించిన "నోట్స్ ఆన్ నర్సింగ్"లో రోగి తిండికి రెండు అధ్యాయాలు కేటాయించింది. రోగి ఏ వేళకు తినగలడో కనిపెట్టి చూడాలనీ, ముట్టుకోని తిండిని గంటల తరబడి పక్కన పెట్టి ఉంచరాదనీ ఆమె పట్టుపట్టింది. నర్సింగు చదువులో ఆ పాఠం ఇప్పటికీ ఉంది. రోగి చేరిన 24 గంటల్లోగా పోషణ స్థితిని గురించి కొన్ని ప్రశ్నలు అడిగి రాసుకోవడం ఇక్కడి ఆస్పత్రుల్లో ఆనవాయితీ. ఈమధ్య బరువు తగ్గారా? ఆకలి మందగించి తిండి తగ్గిందా? ముఖ్యమైనవి ఈ రెండే. మన పెద్దవాళ్ళు వీటికి "బాగానే ఉన్నానమ్మా" అని జవాబు చెప్పి ఊరుకుంటారు. జాకెట్లు వదులయ్యాయనీ, నెల్లాళ్ళుగా రాత్రిపూట అన్నం మానేసిందనీ మనకు తెలిస్తే ఆ మాట నర్సుకు చెప్పవలసింది మనమే. చెబితే డైటీషియన్‌ను పిలుస్తారు.

నర్సు రోజూ చూసే సంగతులు ఇంకా ఉన్నాయి: రోగి బరువు, ట్రేలో ఎంత తిన్నదీ ఎంత మిగిల్చినదీ, తాగిన నీళ్ళెన్ని, పోసిన మూత్రమెంత. అందుకని ఆ ట్రేలోది మనం తినేసి ఖాళీ ట్రే పంపడం మంచిది కాదు. రోగి తిన్నట్టు లెక్కలోకి ఎక్కుతుంది. ఎదురుగా తిండి ఉన్నా తినలేకపోవడానికి చాలాసార్లు చిన్న చిన్న కారణాలే ఉంటాయి. కట్టుడు పళ్ళు డబ్బాలో ఉండిపోవడం, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోవడం, జ్యూసు డబ్బా మీది రేకు మూత ఊడదీయడానికి వేళ్ళలో సత్తువ లేకపోవడం, మంచం మీద సగం పడుకుని ఉండగా ట్రే అందకపోవడం. భోజనం వేళకు ఇంటివారెవరైనా దగ్గరుంటే ఇవన్నీ ఐదు నిమిషాల్లో తీరిపోతాయి. రోజుకు ఒక్కసారే వెళ్ళడానికి వీలయితే, ఆ ఒక్కసారీ భోజనం వేళకు వెళ్ళండి.

శాకాహారమంటే ఏమిటో విడమరచి చెప్పాలి

"వెజిటేరియన్" అని ఒక్కమాట చెప్పి ఊరుకుంటే చాలదు. ఇక్కడ ఆ మాట కింద కోడిగుడ్డు అట్టు రావచ్చు, చికెన్ నీళ్ళతో కాచిన కూరగాయల సూపు రావచ్చు. ఆపరేషన్ తరవాత మొదట ఇచ్చే పలుచని ద్రవాహారం, అంటే క్లియర్ లిక్విడ్ డైట్, మరీ ఇబ్బంది పెడుతుంది. అందులో సర్వసాధారణంగా వచ్చేవి మాంసపు నీళ్ళు, జెలటిన్‌తో చేసిన జెల్లో. జెలటిన్ పశువుల ఎముకలనుంచి, చర్మంనుంచి తీసే పదార్థం. నియమం గల పెద్దవాళ్ళకు తెలియక తిన్నా బాధే, తెలిసి మానేసి పస్తు ఉన్నా బాధే. అంచేత చేరిన రోజునే "మాంసం, చేప, గుడ్డు, మాంసపు నీళ్ళు, జెలటిన్ పనికిరావు, పాలు, పెరుగు పరవాలేదు" అని పూర్తిగా చెప్పి, కాగితం మీద రాయించండి. బదులు కూరగాయల నీళ్ళు, ఆపిల్ రసం, పాలు లేని టీ దొరుకుతాయి. వడకట్టిన చారుతేట ఇంటినుంచి తేవచ్చునేమో కూడా అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ఇంటినుంచి ఏది తెచ్చినా ముందుగా నర్సుతో చెప్పాలి. ఇది మర్యాద కోసం చెబుతున్నది కాదు. చక్కెర జబ్బు గలవాళ్ళకు భోజనాన్ని బట్టి ఇన్సులిన్ లెక్క కడతారు. లెక్కలో లేని పులిహోర లోపలికి వెడితే ఆ లెక్క తప్పుతుంది. ఇన్సులిన్ ఇచ్చాక "ఈవేళ శనివారం, ఒక్కపొద్దు" అని తినకుండా కూర్చుంటే అంతకంటే ప్రమాదం. చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. ఒక్కపొద్దులూ ఏకాదశులూ ఉంటే అవీ ముందే చెప్పండి. మందు వేళలు సర్దడానికి వీలుంటుంది.

గ్లూకోజు సీసా భ్రమ

"సెలైను ఎక్కిస్తున్నారుగా, ఇక తిండికేం లోటు?" అని మనవాళ్ళలో ఒక ధీమా ఉంది. ఉప్పునీటి సెలైనులో ఆహారమన్నదే లేదు. ఐదు శాతం గ్లూకోజు ఉన్న లీటరు సీసాలో ఉండేది సుమారు 170 క్యాలరీలు. ఒక కప్పు అన్నంలో అంతకంటే ఎక్కువే ఉంటాయి. పైగా ఆ సీసాలో మాంసకృత్తులు బొత్తిగా లేవు. కనక ఒకటి రెండు రోజులు గడపడానికి తప్ప ఆ సీసా తిండికి బదులు కాదు. నరం ద్వారా పూర్తి ఆహారం ఇచ్చే పద్ధతి వేరే ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డడ్రిక్ బృందం 1960ల చివర దాన్ని ఆచరణలోకి తెచ్చింది. పేగులు పనిచేయని వాళ్ళకు అది ప్రాణాధారమే. కాని రక్తంలోకి సూక్ష్మజీవులు చేరే భయం ఉంది గనక, పేగులు పనిచేస్తున్నంతకాలం పేగులనే వాడాలన్నది వైద్యుల సూత్రం.

లంఘనం పరమౌషధమన్న సామెతను కూడా ఇక్కడ కాస్త సవరించుకోవాలి. ఒకప్పుడు ఆస్పత్రులు కూడా ఆపరేషన్‌కు ముందు అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళయినా ఇచ్చేవి కావు. ఇప్పుడు చాలామంది రోగులకు మత్తు ఇవ్వడానికి రెండు గంటల ముందు వరకు పలుచని ద్రవాలు తాగనిస్తున్నారు. తీవ్రమైన జబ్బుతో ఐ.సి.యు.లో ఉన్నవాళ్ళకు కూడా వీలయితే 24 నుంచి 48 గంటల్లోగా పేగుల్లోకి ఆహారం పంపడం మొదలుపెడతారు. పడకలో ఉన్న ముసలివాళ్ళకు తిండి తగ్గితే కండ కరుగుతుంది, పుండ్లు మానవు, లేచి నిలబడే శక్తి పోతుంది. అయితే చాలా రోజులు పస్తున్న మనిషికి ఒక్కసారిగా పూర్తి ఆహారం ఇవ్వడమూ ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. డాక్టర్లు కొంచెం కొంచెంగా పెంచుతూ పోతుంటే పిసినారితనమనుకోకండి.

ఏ జబ్బుకు ఏ పథ్యం

గుండె జబ్బువారికి తరచు రాసేది రోజుకు 2000 మిల్లీగ్రాముల సోడియం. ఒక టీస్పూను ఉప్పులోనే సుమారు 2300 ఉంటుంది. కూరలో ఉప్పు తగ్గించి పక్కన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ పెడితే తగ్గించిన ఫలం దక్కదు. అవి ఉప్పు మీద నిలవ ఉండేవే. ద్రవాలకు కూడా పరిమితి పెట్టినప్పుడు చారు, మజ్జిగ, కాఫీ అన్నీ నీళ్ళ లెక్కలోకే వస్తాయి. ఉప్పుకు బదులని అంగట్లో అమ్మే పొడుల్లో చాలావాటిలో ఉండేది పొటాషియం. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాటిని ముట్టకూడదు.

మూత్రపిండాల పథ్యం మనవాళ్ళకు అన్నిటికంటే కష్టం. పొటాషియం తగ్గించమన్నప్పుడు "ఒంటికి చలవ" అని మనం ప్రేమతో ఇచ్చే కొబ్బరినీళ్ళు మొదట మానవలసి వస్తుంది. అరటిపండు, టమాటా, బంగాళాదుంప కూడా తగ్గించాలి. దుంపలు చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చేస్తే పొటాషియం కొంత పోతుంది. పప్పు సంగతి జాగ్రత్తగా అడగాలి. డయాలిసిస్‌కు ముందు మాంసకృత్తులు తగ్గించమన్న డాక్టరే డయాలిసిస్ మొదలయ్యాక పెంచమంటాడు. పాత కాగితం పట్టుకుని పాత పథ్యమే చేస్తే మనిషి నీరసిస్తాడు.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకునేవాళ్ళు ఆకుకూరలు మానేయాలని ఒక అపోహ ఉంది. వాటిలోని విటమిన్ కె ఆ మందు బలాన్ని తగ్గిస్తుందన్న మాట నిజమే. అయినా మానడం కన్న వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినడం ముఖ్యం. నెల్లాళ్ళు తినకుండా ఉండి, ఒక్కసారి తోటకూర, పాలకూర రోజూ వండితే రక్త పరీక్ష అంకెలు తారుమారవుతాయి.

మింగలేని మనిషి

పక్షవాతం వచ్చినవాళ్ళలో మొదటి రోజుల్లో ఇంచుమించు సగంమందికి మింగడం కష్టమవుతుంది. నీళ్ళు గొంతులోంచి ఆహారనాళంలోకి పోక ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ఒక్కొక్కప్పుడు దగ్గు కూడా రాదు గనక పైకి ఏమీ తెలియదు. రెండు రోజుల తరవాత న్యుమోనియాగా బయటపడుతుంది. అందుకే మింగే శక్తిని పరీక్ష చేసేదాకా మంచం దగ్గర "ఎన్.పి.ఓ." అని బోర్డు పెడతారు. నోటిద్వారా ఏమీ ఇవ్వరాదని దాని అర్థం. ఒక మాత్ర గాని, ఒక గుక్క కాఫీ గాని ఇవ్వరాదు.

ఇక్కడ మనవాళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పాలి. అంత జబ్బులో ఉన్న తల్లి నోట్లో ఉద్ధరిణెడు తులసి తీర్థం పోయాలని ఏ బిడ్డకైనా అనిపిస్తుంది. పడుకుని ఉన్న మనిషి గొంతులో పోసిన ఆ నీళ్ళే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళవచ్చు. నర్సును అడగండి. నోరు తుడిచే చిన్న స్పాంజి పుల్లను తీర్థంలో తడిపి, బాగా పిండి, పెదవులకూ నాలుకకూ అద్దడానికి చాలాచోట్ల ఒప్పుకుంటారు. మన నమ్మకమూ నిలుస్తుంది, మనిషికీ హాని ఉండదు.

పరీక్ష చేసేది స్పీచ్ థెరపిస్టు. దాన్నిబట్టి తిండి ఎంత మెత్తగా, ద్రవం ఎంత చిక్కగా ఉండాలో 0 నుంచి 7 దాకా అంకెలతో చెబుతారు. మన వంటల్లో దీనికి పనికివచ్చేవి ఉన్నాయి: జారుగా రుబ్బిన పప్పన్నం, పలుకు లేని రాగి జావ, గట్టి పెరుగు. పనికిరానిది చారన్నం. నీళ్ళు ఒక వేగంతో, మెతుకులు ఒక వేగంతో గొంతు దిగుతాయి గనక మింగలేనివారికి అది చాలా కష్టం. జీడిపప్పు, కరివేపాకు, పోపు గింజలు, మజ్జిగలో తేలే కొత్తిమీర ఏరెయ్యాలి. తినిపించేటప్పుడు మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి. చిన్న చెంచాతో పెట్టాలి. ముందుది మింగిందాకా రెండోది పెట్టరాదు. తిన్నాక కనీసం అరగంట కూర్చునే ఉండాలి.

ట్యూబు ద్వారా ఆహారం

కొద్దిరోజుల్లో మింగే శక్తి రాకపోతే ట్యూబు మాట వస్తుంది. ముక్కులోంచి పొట్టలోకి వేసేదాన్ని మన దేశపు ఆస్పత్రుల్లో బ్రిటిష్ వైద్యుడు జాన్ ఆల్ఫ్రెడ్ రైల్ పేర "రైల్స్ ట్యూబు" అంటారు. ఇక్కడ ఎన్.జి. ట్యూబు అంటారు. వేసేటప్పుడు నర్సు మనిషిని కూర్చోబెట్టి, ట్యూబు కొస మెత్తగా జారేటట్టు జెల్లీ రాసి, గొంతు దాటేటప్పుడు మింగమంటుంది. అది పొట్టలోనే ఉందా, ఊపిరితిత్తుల్లోకి పోయిందా అన్నది మొదటిసారి ఎక్స్‌రే తీసి రూఢి చేసుకుంటారు. పూర్వం సిరంజితో గాలి కొట్టి స్టెతస్కోపుతో చప్పుడు వినేవారు. ఆ గుర్తు నమ్మదగినది కాదని తేలింది. ముక్కు దగ్గర ట్యూబు మీద ఉన్న కొలతను నర్సు రాసి ఉంచుతుంది. దగ్గుకో చెయ్యి తగిలో ఆ గుర్తు బయటికి జరిగితే ఆహారం ఆపి వెంటనే పిలవాలి.

ఎక్కువకాలం కావలసివస్తే పొట్టమీద చిన్న రంధ్రం చేసి వేసే ట్యూబును పెగ్ అంటారు. కడుపు కోసి పెద్ద ఆపరేషన్ చెయ్యకుండా ఎండోస్కోపుతో దాన్ని వేసే పద్ధతిని మైకేల్ గాడరర్, జెఫ్రీ పాన్‌స్కీ అనే డాక్టర్లు క్లీవ్‌లాండ్‌లో 1979లో మొదట ఒక పసిబిడ్డకు చేశారు.

ట్యూబులో పోసే డబ్బా ఆహారంలో సాధారణంగా మిల్లీలీటరుకు ఒకటి నుంచి రెండు క్యాలరీల దాకా ఉంటాయి. పాల లేక సోయా మాంసకృత్తులు, నూనె, చక్కెరలు, విటమినులు కలిపి చేస్తారు. కొన్నిటిలో చేపనూనె ఉంటుంది. నియమం గలవాళ్ళు డైటీషియన్‌ను అడిగి అది లేనిదాన్ని ఎంచుకోవచ్చు. ఆ డబ్బామీది చిన్న అక్షరాల్లో ఫోలిక్ ఆమ్లం పేరు కనిపిస్తుంది. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

పెగ్ ట్యూబుతో ఇంటికి పంపితే నర్సు చేసే పనులన్నీ మన చేతికి వస్తాయి. ఇంటికి బయలుదేరేముందు నర్సు ఎదుట మీరే రెండుమూడుసార్లు చేసి చూపించి, సరిగా ఉందనిపించుకోండి. ముఖ్యమైనవి ఇవి:

ఆహారం వెడుతున్నంతసేపూ, తరవాత కనీసం అరగంటా తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉంచాలి. చదునుగా పడుకోబెట్టరాదు.

ఆహారానికి ముందు, తరవాత, మందుకు ముందు, తరవాత చెప్పిన కొలత ప్రకారం నీళ్ళు పోసి ట్యూబు కడగాలి. పెద్దవాళ్ళకు సాధారణంగా 30 మిల్లీలీటర్లు చెబుతారు.

మందులు ఆహారంలో కలపరాదు. ఒక్కొక్క మందు విడిగా ఇవ్వాలి. నెమ్మదిగా కరిగే రకం మాత్రలను నూరరాదు. రోజంతటి మోతాదు ఒక్కసారే లోపలికి పోతుంది. ద్రవరూపంలో దొరుకుతుందేమో ఫార్మసిస్టును అడగండి.

గంజి, కొబ్బరినీళ్ళు, ఇంట్లో రుబ్బినది ఏదైనా డైటీషియన్‌తో చెప్పకుండా పోయరాదు. ట్యూబు పూడిపోతుంది, లేదా పాడైన పదార్థం లోపలికి చేరుతుంది. పూడితే గోరువెచ్చని నీళ్ళతో మెల్లగా ప్రయత్నించాలి. పుల్లలు, తీగలు దోపరాదు.

ట్యూబు ఊడి వస్తే వెంటనే ఫోను చెయ్యాలి. రంధ్రం గంటల్లోనే మూసుకుపోవడం మొదలుపెడుతుంది. మనంతట మనం తిరిగి తోసి ఆహారం పోయరాదు.

నోటితో తినకపోయినా రోజుకు రెండుసార్లు పళ్ళు తోమించి నోరు శుభ్రం చెయ్యాలి. నోట్లోని సూక్ష్మజీవులే ఉమ్మితోపాటు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తాయి.

ఇంకొకటి. ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చున్నప్పుడు ట్యూబు ఉన్న మనిషిని గదిలో ఒంటరిగా వదలకండి. కొందరికి వంట వాసన బాధగా ఉంటుంది, కొందరికి నలుగురితో కూర్చోవడమే బలం. వారినే అడగండి.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న

పక్షవాతం నుంచి కోలుకునే అవకాశం ఉన్న మనిషికి ట్యూబు ఒక వంతెన. కొన్నాళ్ళకు మింగడం వస్తే తీసేస్తారు. మతిమరుపు జబ్బు ముదిరి, మనుషులను గుర్తుపట్టక, మంచం పట్టి, నోరు తెరవని దశకు వచ్చినవారి సంగతి వేరు. అటువంటివారికి ట్యూబు వేసినందువల్ల ఆయుష్షు పెరిగినట్టుగాని, న్యుమోనియా తగ్గినట్టుగాని తేలలేదు. పైగా పీకేసుకోకుండా చేతులు కట్టవలసి రావచ్చు. అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ 2014లో ఈ దశలో ట్యూబు సిఫారసు చెయ్యబోమని, ఓపికగా చేత్తో తినిపించడమే మేలని ప్రకటించింది. తిన్నంతే పెడతారు, వద్దన్నప్పుడు ఆపేస్తారు.

ఇది వినడానికి తేలిక, ఒప్పుకోవడానికి కాదు. అన్నం పరబ్రహ్మస్వరూపమన్న ఇళ్ళలో పుట్టినవాళ్ళం. "అమ్మను పస్తు పెట్టారా?" అని హైదరాబాదు నుంచి అన్నగారో, విజయవాడ నుంచి పిన్నిగారో ఫోనులో ఒక్కమాట అంటే, ఇక్కడ పగలూ రాత్రీ మంచం పక్కనున్న కోడలు, కొడుకు కుంగిపోతారు. జబ్బు ముదిరినప్పుడు ఒంటికి ఆకలి తనంతట తనే తగ్గుతుంది. తినకపోవడంవల్ల జబ్బు ముదరడం కాదు, జబ్బు ముదరడంవల్ల తినకపోవడం. ఈ మాట దూరానున్న బంధువులకు డాక్టరు నోటనే వినిపించడం మంచిది. వారిని ఫోనులో కలిపి సమావేశం పెట్టమని అడగవచ్చు. తెలుగు దుబాసీని అడిగే హక్కు కూడా మనకు ఉంది. ఖర్చు ఆస్పత్రిదే. ఇంగ్లీషు వచ్చునని పన్నెండేళ్ళ మనవడిచేత నాయనమ్మ ప్రాణం సంగతి అనువాదం చేయించకండి.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. మిస్సోరీకి చెందిన నాన్సీ క్రూజన్ కేసులో 1990లో ఇక్కడి సుప్రీంకోర్టు, తెలివిగల రోగికి ట్యూబు ఆహారంతో సహా ఏ వైద్యాన్నయినా వద్దనే హక్కు ఉన్నదన్న భావంతోనే తీర్పు చెప్పింది. మనిషి మాట్లాడలేని స్థితిలో ఉంటే అతని కోరికకు స్పష్టమైన రుజువు రాష్ట్రాలు అడగవచ్చునని కూడా అన్నది. రాతకోతలు లేకపోతే ఏమవుతుందో ఫ్లోరిడాలో టెరీ షైవో విషయంలో 2005లో దేశమంతా చూసింది. భర్త ఒకవైపు, తలిదండ్రులు ఒకవైపు ఏళ్ళతరబడి కోర్టులకెక్కారు. ఇటువంటి గొడవ రాకుండా ప్రతి రాష్ట్రంలోనూ ముందుగా రాసి ఉంచే పత్రాలు ఉన్నాయి. తన తరఫున వైద్య నిర్ణయాలు ఎవరు చెయ్యాలో, ట్యూబు ఆహారం ఏ పరిస్థితిలో కావాలో, ఏ పరిస్థితిలో వద్దో అందులో రాయవచ్చు.

ఈ సంగతి ఎత్తితే అశుభమనుకోవద్దు. పెద్దవాళ్ళు మనం అనుకునేదానికంటే స్పష్టంగా ఆలోచిస్తారు. "నాకిలా వస్తే ఏం చెయ్యమంటావు నాన్నా?" అని మర్యాదగా అడిగితే చాలామంది జవాబు చెబుతారు. ఆ జవాబు మనకున్నప్పుడు, ఏ నిర్ణయం తీసుకున్నా అది వారి మాట నిలబెట్టడమే అవుతుంది.

చివరగా ఒక మనవి. ఈ నెలలోనే ఒక కాగితం మీద మీ ఇంటి పెద్దల పేర్లు రాసి, వారు తినేవీ తిననివీ, పడని పదార్థాలు, ఒక్కపొద్దులు, వాడే మందులు, కట్టుడు పళ్ళు, మామూలు బరువు, నిర్ణయం చెప్పవలసిన మనిషి ఫోను నంబరు ఇంగ్లీషులో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. అంబులెన్సు వచ్చిన రాత్రి అవన్నీ ఎవరికీ గుర్తుకు రావు. కాగితం రాయడంలో సాయం కావలసినవాళ్ళు వచ్చే సమావేశంలో మమ్మల్ని పలకరించండి. కూర్చుని రాసిపెడతాం.